ఏటిదారిని సైకిలు ప్రయాణము

విశాఖపట్టణమనగానే వినువారి మనస్సున ఓడరేవును, ఉక్కు కర్మాగారమును మెదలును. అది సహజమే. 1933వ సంవత్సరమున ఆ రేవు తెఱవబడినది. 1948 మార్చిలో జవాహర్లాల్ నెహ్రూగారు ‘జల ఉష’ అను ఓడను అచ్చట నీట దింపిరి. 1971లో ఇందిరాగాంధీగారు ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. 1992లో అది జాతికి అంకితమైనది. అయినను నేను మీతో ముచ్చటింపదలచినది ఆ యంత్రముల మాట కాదు. ఆ నగరమునకు ఉత్తరముగా, ఒక ప్రక్క సముద్రమును, ఒక ప్రక్క తూర్పుకనుమలును హద్దులుగా, గోస్తని, చంపావతి, వేగవతి అను ఏఱులు తడుపు చదునైన నేల కలదు. ఆ నేలమీద నేనును, నా మేనల్లుడును సైకిళ్లపై మూడు దినములు సాగించిన ప్రయాణమును గూర్చి మనవి చేసెదను. ఆ ప్రయాణమున నాకు తోచిన ఒక విషయము గ్రామపెద్దలకు సంబంధించినది. కావున పెద్దలైనవారు కొంచెము ఓపికతో వినగోరెదను.

మొదట వాహనము మాట. 1817లో జర్మనీదేశమున మాన్‌హైమ్ నగరమందు డ్రైస్ అనునతడు రెండు కఱ్ఱచక్రముల బండిపై కూర్చుండి, కాళ్లతో నేలను తన్నుచు ముందునకు పోయెను. దానికి గొలుసు లేదు, తొక్కుడు లేదు. 1885లో ఇంగ్లండునందు స్టార్లీ అనునతడు ఇంచుమించు సమానమైన రెండు చక్రములు పెట్టి, వెనుక చక్రమునకు గొలుసు తగిలించెను. 1888లో డన్లప్ అనునతడు గాలి నింపిన రబ్బరుచక్రమును చేసెను. నేడు మనము తొక్కు సైకిలు నూఱేండ్లకు పూర్వమే ఈ రూపమునకు వచ్చినది. మనదేశమున 1949లో మద్రాసునందు టి.ఐ. సైకిల్స్ కంపెనీయు, 1956లో లూథియానాయందు హీరో కంపెనీయు ఏర్పడిన పిదప, సీమసరుకుగా నుండిన సైకిలు పల్లెటూరి పెండ్లికొడుకునకు కట్నముగా ముట్టు వస్తువైనది. గంటకింత యని అద్దె చెల్లించి అంగడి సైకిలు తెచ్చి, సీటు అందక, కాలు కమ్మీల నడుమ దూర్చి తొక్కిన దినములు మీలో పలువురకు జ్ఞాపకముండును. సైకిలుకు పన్ను కట్టి బిళ్ల తగిలించుకొనుటయు, రాత్రివేళ దీపము లేనిచో పోలీసు ఆపుటయు మనమెఱిగినవే.

ఈ వాహనమునకు తిండి లేదు, నూనె స్వల్పము. చదునైన దారిని నడచువానికి పట్టు శక్తిలో సుమారు అయిదవవంతుతోనే సైకిలు తొక్కువాడు అంతే దూరము పోగలడని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. కాని యెత్తు వచ్చెనా, ఆ లాభమంతయు తఱుగును. ఎదురుగాలి వీచెనా, సగము పోవును. మండుటెండలో ఎంత బలవంతుడైనను ఒక ఆమడ దాటునప్పటికి నీడకొఱకు వెదకును. కావున సైకిలుకు కావలసినవి మూడు: చదునైన నేల, చెట్టునీడ, త్రాగునీరు. ఈ మూడింటిని జ్ఞాపకముంచుకొనవలెను. నా ఉపన్యాసమంతయు వీనిమీదనే నడచును.

ఫ్రాన్సుదేశమున లువార్ అను నది కలదు. ఆ దేశమున అంతకంటె పొడవైన నది లేదు. దాని లోయ బహు చదునైనది. దాని గట్టున పూర్వపు రాజులును ప్రభువులును కట్టించిన కోటలు, వాని చుట్టు ద్రాక్షతోటలు వరుసగా నున్నవి. 2000వ సంవత్సరమున ఆ లోయలో పెద్దభాగమును ప్రపంచ వారసత్వస్థలముగా ఐక్యరాజ్యసమితి సంస్థ యునెస్కో గుర్తించినది. ఆ నది వెంబడి సుమారు 900 కిలోమీటర్ల పొడవున సైకిలుదారి యేర్పఱచిరి. విశేషమేమన, ఆ దారిలో చాలభాగమునకు క్రొత్తగా భూమి సేకరింపలేదు. వరదలను ఆపుటకై శతాబ్దములకు పూర్వమే పోసిన ఏటిగట్లు, పొలములకు పోవు చిన్నదారులు, తక్కువ బండ్లు తిరుగు గ్రామమార్గములు, వీనినే కలిపి సైకిళ్లకు విడిచిరి. దేశదేశములవారు వచ్చి ఆ దారిని తొక్కుచు, ఊరూర భోజనము చేసి, ఊరూర పైకము విడిచి పోవుచున్నారు.

ఈ సంగతి విన్నది మొదలు నాకు ఒక సందేహము పీడించుచుండెను. మనకు ఏఱులు లేవా? కోటలు లేవా? తోటలు లేవా? తెలుగునాట ద్రాక్ష హైదరాబాదు పరిసరములలో ప్రసిద్ధికెక్కినది గాని, ఉత్తరాంధ్రలో దాని స్థానమున మామిడి, జీడిమామిడి, కొబ్బరి, తాడి, చెఱకు ఉన్నవి. ఇక కోటలన్ననో విజయనగరమును, బొబ్బిలియు చాలును. లోపమెచ్చట నున్నదో కన్నులార చూడవలెనని పుష్యమాసమున, పంటలు ఇంటికి చేరి నేల ఆరియున్న దినములలో బయలుదేరితిమి.

మొదటి దినము విశాఖపట్టణము నుండి భీమునిపట్టణము వఱకు. సుమారు 30 కిలోమీటర్లు. ప్రాతలెక్కను రెండు ఆమడలకు పైమాట. తెల్లవారకముందే బయలుదేరితిమి. తీరమున తెల్లవాఱుజామున గాలి మెల్లగా నేలనుండి సముద్రమువైపు పోవును. ప్రొద్దెక్కి నేల కాగిన పిదప సముద్రమునుండి నేలకు మఱలి విసరును. ఈ సంగతి పల్లెకారులకు తెలిసినంతగా మనకు తెలియదు. తెరచాప వేయువాడు ఏ గాలిని నమ్మునో సైకిలు తొక్కువాడును ఆ గాలినే కనిపెట్టవలెను.

దారి యెడమప్రక్క తొట్లకొండయు, కొంత లోపలగా బావికొండయు గలవు. రెండువేల సంవత్సరములకు పూర్వము అచ్చట బౌద్ధభిక్షువులు విహారములు కట్టుకొని యుండిరి. కొండరాతిలో నీటితొట్లు తొలిపించుకొనుటచేతనే తొట్లకొండకు ఆ పేరు వచ్చినది. సముద్రపుటుప్పునీరు ఎదుట పుష్కలముగా నుండగా, త్రాగుటకు వాననీటిని రాతిలో నిలువచేసికొనిన ఆ బుద్ధిశాలుల యేర్పాటు చూచిన ఎవ్వనికైనను నీటివిలువ తెలియును. అటుపిమ్మట ఎఱ్ఱమట్టిదిబ్బలు. ఇసుకయు మట్టియు వేలసంవత్సరములుగా గాలిచేతను నీటిచేతను పేరి, వాననీటి కోతకు గోడలు గోడలుగా చీలిన దిబ్బలవి. భారత భూగర్భ పరిశోధన శాఖవారు వానిని కాపాడదగిన స్థలముగా ప్రకటించిరి. ఆ చుట్టుపట్ల ఇసుకనేలలలో జీడిమామిడి తోటలున్నవి. ఆ చెట్టు బ్రెజిలుదేశమునుండి పోర్చుగీసువారు తెచ్చినది. నేడు మన పేదరైతునకు వేసవిలో చేతికి పైకమునిచ్చు చుట్టమైనది.

భీమునిపట్టణము గోస్తనీనది సముద్రమున కలియు చోట నున్నది. ఈ నది అనంతగిరి కొండలలో పుట్టి, బొఱ్ఱా గుహలను తొలిచి, తాటిపూడి జలాశయమున నిలిచి, విశాఖపట్టణవాసులకు త్రాగునీరిచ్చి, మిగిలిన దానితో ఇచ్చటికి వచ్చును. 17వ శతాబ్దమున ఒలందావారు ఇచ్చట వర్తకస్థానము పెట్టి మన నేతబట్టలను ఓడల కెక్కించిరి. వారి సమాధులు నేటికిని చెక్కిన రాతిపలకలతో నిలిచియున్నవి. 1825లో ఆ స్థలము ఆంగ్లేయుల వశమైనది. 1861లోనే ఇచ్చట పురపాలక సంఘమేర్పడినది. ఇంత చిన్న ఊరికి ఇంత చరిత్ర యేల కలిగెననిన, ఏటిముఖము చేతను, ఏటివెనుకనున్న చదునుభూమి చేతను కలిగినది. ఆ భూమి పండించి నేసినదానిని దిగుమతి ఓడలవాడు ఊరకే వదలడు గదా!

రెండవదినము ఏటిగట్టును విడువక తగరపువలస చేరితిమి. అచ్చట పెద్ద జాతీయరహదారి దాటవలెను. అది కలకత్తాను మద్రాసుతో కలుపు మార్గము. రేవునుండి బొగ్గును, కర్మాగారమునుండి ఉక్కును మోయు లారీలు దానిపై రేయింబవళ్లు పోవుచుండును. దాని ప్రయోజనమును నేను కాదనను. ఆ లారీ లేనిచో మన ఇండ్ల పైకప్పులకు ఇనుపకమ్మి రాదు. కాని లారీ ప్రక్కగా పోవునప్పుడు దాని గాలి మనుష్యుని ముందు బయటకు నెట్టి, వెంటనే లోపలికి లాగును. నా మేనల్లుడు బలిష్ఠుడైన యువకుడు. అతని సైకిలే ఒకసారి తారు అంచునుండి జాఱి, జానెడు లోతుగానున్న ప్రక్కమట్టిలో పడి ఒరిగినది. మోకాలు గీసుకొనుటతో గండము గడచెను. ఆ స్థలమున పదమూడేండ్ల పిల్లయున్నచో ఏమగునని ఆలోచించి నేను నిలువున చల్లబడితిని. 2022వ సంవత్సరమొక్కదానిలోనే మనదేశపు రహదారులమీద 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వపు లెక్క. ఒక పెద్దపట్టణమంత జనము ఏటేట ఈ విధముగా తుడిచిపెట్టుకొని పోవుచున్నారని భావము.

రహదారి దాటిన పిదప మామిడితోటల నడుమ విజయనగరము చేరితిమి. అచ్చటి కోట చతురస్రాకారముగా, నాలుగు మూలల బురుజులతో నున్నది. 1713వ సంవత్సరమున, విజయనామ సంవత్సరమున, విజయదశమినాడు, జయవారమనబడు మంగళవారమున దానికి శంకుస్థాపన జరిగెనని, విజయరామరాజు పేరుతో కలిసి విజయములన్నియు ఒక్కచోట కూడెనని పెద్దలు చెప్పుదురు. కోటకు చేరువనే పెద్దచెఱువు కలదు. ఈ పట్టణముననే గురజాడ అప్పారావుగారు నివసించిరి. 1919లో ఇచ్చట సంగీతకళాశాల యేర్పడగా ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులైరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చట వాయులీనము బోధించిరి. కడుపు నిండినచోట గాని కళ నిలువదు. విజయనగరమునకు ఆ కడుపు నింపినది చంపావతీ మైదానమే. ఒకప్పుడు చంపావతి యొడ్డున నెల్లిమర్లయందును, గోస్తని యొడ్డున చిట్టివలసయందును జనపనార మిల్లులు నడచుటకు కారణము కూడ ఈ నేలలు పండించిన గోగునారయే.

మూడవదినము గజపతినగరము, రామభద్రపురము మీదుగా బొబ్బిలి. ఈ దారిని కూరగాయల బండ్లు వేకువజాముననే కదలుచుండును. దూరమున కొండలు నీలముగా కనబడుచుండగా, నేల మాత్రము అరచేయివలె చదునుగా నుండును. ఇది సైకిలుకు దేవుడిచ్చిన దారి. బొబ్బిలిలో 1757 జనవరి 24వ తేదీన జరిగిన యుద్ధకథ మీకు బుఱ్ఱకథలలో విన్నదే. రంగారావు వీరముగా మడియుటయు, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులయెదుట మట్టికోట కూలుటయు, తాండ్ర పాపారాయుడు రాత్రివేళ విజయరామరాజు డేరాలో దూరి పగతీర్చుకొనుటయు ఎఱుగనివారెవరు? కాని ఆ రెండు సంస్థానముల వైరమునకు చరిత్రకారులు చెప్పు కారణములలో ఏటినీటి తగవు ఒకటి యను సంగతి చాలమంది యెఱుగరు. కోటగోడల క్రింద పునాదిగా నున్నది ఏటినీరే యని దీనివలన స్పష్టమగుచున్నది. ఏఱు నేలను చదునుచేసెను, చదునునేల ధాన్యమిచ్చెను, ధాన్యమును కాపాడుటకు కోట లేచెను, కోటనీడను తోట పెరిగెను. లువార్ తీరమునను ఇంతే, చంపావతీ తీరమునను ఇంతే.

బొబ్బిలి దగ్గఱి గొల్లపల్లి గ్రామమున పనసకఱ్ఱను ఒకే మ్రానుగా తొలిచి వీణలు చేయుదురు. 2011లో ఆ వీణకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక వీణకు తగిన పనసమ్రాను పెరుగుటకు ఒక తరము పట్టును. ఆ వడ్రంగి చేతిలోనున్న మ్రాను అతని తాతలనాటివారెవరో నాటినది. చెట్టు నాటువానికి ఫలము కనబడదు, అయినను నాటవలెను.

ఇంతవఱకు చూచినదానినిబట్టి మనకు కొఱత ఏటికిని కాదు, కోటకును కాదు, తోటకును కాదు. మఱి కొఱత ఎచ్చట? అది నాకు తెలిసినది ఏ కోటలోను కాదు, దారిలోని ఒక చిన్న గ్రామమున. దాని పేరు చెప్పుట అనవసరము. ఎండ ముదురగా అచ్చటి రావిచెట్టు అరుగుమీద విశ్రమించితిమి. ఒక వృద్ధుడు మాకు మజ్జిగ ఇప్పించి, తన ఇంటికి కొనిపోయెను. వసారాలో దూలమునకు త్రాళ్లతో కట్టి ఒక సైకిలు వ్రేలాడదీసియుండెను. క్రొత్తది, గొలుసుకు త్రుప్పు పట్టలేదు. ‘బడికొస్తా’ యను పథకము క్రింద ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సర్కారుబడులలోని ఆడపిల్లలకు పంచిన సైకిళ్లను మీరును చూచియుందురు. ఇదియు అట్టిదే, అతని పెద్దమనుమరాలికి వచ్చినది. ఆమె చదువు ముగించుకొని వెళ్లగా చెల్లెలికి మిగిలినది.

“తాతగారూ, పాప దీనిని తొక్కదా?” అని అడిగితిని.

“తొక్కాలనే ఉంది బాబూ, దానికి. నేనే కట్టేసినాను. హైస్కూలు ఆరు కిలోమీటర్లు. ఆ రోడ్డు వెడల్పు చేసినకాడినుంచి లారీలు ఆగవు. ఆటోకి డబ్బులున్న రోజున వెళుతుంది, లేని రోజున ఉండిపోతుంది.”

“వేఱు దారి లేదా?”

అతడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “ఉంది బాబూ. చెరువుగట్టు మీంచి వెళితే నాలుగే. మేమందరం ఆ గట్టుమీదే నడిచి చదువుకున్నాం. రోడ్డు వచ్చాక గట్టు ఎవరికీ అక్కరలేకపోయింది. తుమ్మ పెరిగిపోయింది. అలుగుకాడ పలక కొట్టుకుపోయింది. పెద్ద రోడ్డు వాళ్లు వేసినారు, గట్టుని మేమే పాడుచేసుకున్నాం,” అనెను.

పండ్రెండు పదమూడేండ్ల ఆ బాలిక తలుపుచాటున నిలిచి వినుచుండెను. ఆమె సెలవుదినములందు ఇంటిముంగిట మాత్రము సైకిలు దింపుకొని తిరుగునట. ఊరి పొలిమేర దాటుటకు వీలులేదు.

అయ్యలారా, ఇదియే నేను చెప్పదలచిన విషయము. సైకిలు ఇచ్చినంత మాత్రమున బిడ్డ బడికి పోదు. సైకిలుకు దారి ఇయ్యవలెను. సైకిలువలన కలుగు మేలు ఎంతటిదో బీహారు రాష్ట్రము చూపినది. 2006లో అచ్చటి ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు ఇచ్చుట ప్రారంభించినది. పరిశోధకులు లెక్కచూడగా, ఉన్నతపాఠశాలలో చేరు బాలికల సంఖ్య సుమారు మూడవవంతు పెరిగినది. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరముననున్న గ్రామములలో ఆ పెరుగుదల మఱింత ఎక్కువ. అంతకుపూర్వమే, 1991వ సంవత్సరపు ప్రాంతమున, తమిళనాటి పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు పల్లెటూరి స్త్రీలకు సైకిలు నేర్పిరి. వేలకొలది కూలిస్త్రీలు నేర్చుకొనిరి. నీళ్లబిందెలను, కూరగాయలను, పసిబిడ్డలను సైకిలుమీదనే పెట్టుకొని వారు పనులకు పోవుచుండిరి. బస్సు కొఱకు గాని, మగవాని కొఱకు గాని కాచుకొనియుండు అవస్థ వారికి తప్పినది.

పెద్దరోడ్డు వేయుట పెద్ద ప్రభుత్వముల పని. కాని పెద్దరోడ్డు ప్రక్క మట్టియంచును, ఊరినుండి బడికి పోవు చిన్నదారిని, చెఱువుగట్టును కాపాడుట ఊరివారి పని. దానికి గొప్ప ధనము అక్కఱలేదు. గ్రామపెద్దల మాట కావలెను. నాకు తోచిన నాలుగు పనులు మనవి చేసెదను.

మొదటిది ముండ్లమాట. కంచెకు కొట్టిన సర్కారుతుమ్మ కొమ్మలను దారిలో పడవేయుట మన అలవాటు. ఒక ముల్లు ఒక పంక్చరు. ఒక పంక్చరు ఒకదినపు చదువు. కొమ్మ కొట్టినవాడే దానిని ఈడ్చి దూరమున కాల్చవలెనని కట్టడి చేయవలెను.

రెండవది దారియంచు. ఏటేట వానలకు తారు ప్రక్క మట్టి కోసికొనిపోయి అంచు మెట్టువలె నిలుచును. సైకిలు పడునది అచ్చటనే. పంచాయతీ దారులమీద వానకాలము వెళ్లగానే రెండు మూడు బండ్ల ఎఱ్ఱకంకర పోసి దిమ్మిసతో కొట్టిన చాలును. పెద్దశాఖల దారియైనచో పంచాయతీ తీర్మానము వ్రాసి ఇంజనీరుగారికి పంపి, జవాబు వచ్చువఱకు అడుగుచుండవలెను.

మూడవది చెఱువుగట్టు. 2006 నుండి ఉపాధిహామీ పనుల క్రింద అనేక గ్రామములలో చెఱువులు పూడిక తీసి గట్లు బలపఱచిరి. ఆ గట్టుపై ఒక బారెడు వెడల్పున చదునుచేసి, మదుముదగ్గఱను అలుగుదగ్గఱను రెండు సిమెంటుతూములు వేసి మట్టి కప్పినచో బడిపిల్లలకు లారీ లేని దారి సిద్ధమగును. లువార్ తీరమున ఫ్రెంచివారు చేసినది ఇంతకంటె ఎక్కువ కాదు. గట్టు ఆక్రమణకు లోనైనచో మాత్రము పెద్దలు ముఖమోటము విడిచి మాటాడవలెను.

నాల్గవది నీడ. 2014 అక్టోబరు 12వ తేదీన వచ్చిన హుద్‌హుద్ గాలివాన విశాఖపట్టణపు ప్రాంతమున లెక్కకు మించిన చెట్లను కూల్చివేసినది. గాలి కూల్చగా మిగిలినవానిలో కొన్ని రోడ్లవిస్తరణలో పోయినవి. మేము పోయిన దారిలో ప్రాత చింతచెట్టు నిలిచినచోట బాటసారులు కూర్చుండిరి, పళ్లమ్ము ముసలమ్మ బుట్ట దింపెను, గేదెలు నిలిచెను. చెట్టు లేనిచోట ఎవ్వరును నిలువలేదు. రెండువేల రెండువందల సంవత్సరములకు పూర్వము అశోకచక్రవర్తి దారుల ప్రక్క మఱ్ఱిచెట్లు నాటించితినని, నూతులు త్రవ్వించితినని శాసనములలో చెప్పుకొనెను. మన పూర్వులు సప్తసంతానములలో తటాకమును, వనమును చేర్చిరి. పుత్రునితో సమానముగా చెట్టును ఎంచిరి. ఇప్పుడును మొక్కలు నాటుచున్నారు. కాని కంచె లేక మేకలపాలగుచున్నవి. నాటుట ఒక పూట పని, కాచుట మూడేండ్ల పని. నాటిన ప్రతి మొక్కకు ఎదుటి ఇంటివారిని బాధ్యులను చేసినచో అది బ్రదుకును. ఉన్న చెట్టును నఱకదలచినవారు 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి పొందవలెనని ఊరిలో అందఱికి తెలియజెప్పుడు.

కొందఱు ఇట్లనవచ్చును: “ఇప్పుడు ప్రతియింట మోటారుసైకిలున్నది, ఈ కాలిబండి ఎవరికి?” నిజమే. యువకునకు మోటారుసైకిలున్నది. కాని పదునెనిమిదేండ్లు నిండని బిడ్డకు గేరుబండి నడుపుటకు చట్టము ఒప్పదు. పాలచెంబుతో పోవు ముసలివానికి, కూలికి పోవు తల్లికి, పెట్రోలు కొనలేని ఇంటికి సైకిలే దిక్కు. ఊరిలో ఎవరికి మోటారున్నదని కాక, ఎవరికి లేదో చూచి దారి వేయుట పెద్దరికము.

నేను పైన చెప్పిన గ్రామమునుండి తరువాత నాకు సమాచారము అందినది. ఊరివారు కూడి రెండు ఆదివారములు పనిచేసి గట్టుమీది తుమ్మను కొట్టివేసిరి. అలుగుదగ్గఱ తూములు పడినవి. ఒక రైతు తన సరిహద్దు గట్టులోనికి వచ్చినదని ఒప్పుకొనక తగవుపడుచున్నాడు. ఆ నూఱు గజములు పిల్లలు దిగి నడిపించుకొని పోవుచున్నారు. వానకాలమున గట్టు బురదయై ఎనిమిది పది దినములు బడి తప్పుచున్నది. పని సగమైనది. అయినను దూలమునుండి సైకిలు దిగినది. ఆ బాలికతో పాటు మఱి ముగ్గురు పిల్లలు ఆ దారిని పోవుచున్నారట.

ఏఱు తన పని చేసినది. నేలను చదునుచేసి మనకిచ్చినది. రాజులు తమకు చేతనైనది చేసి కోటలు విడిచిపోయిరి. మిగిలిన చిన్నదారి మన వంతు. మీ గ్రామమున రానున్న వేసవిసెలవులు ముగియకముందు ఒక ప్రొద్దుట, తొమ్మిదవ తరగతి చదువు ఒక బాలికను వెంటబెట్టుకొని, ఊరినుండి బడివఱకు మీరు స్వయముగా నడచి చూడుడు. ఎచ్చట ముల్లున్నదో, ఎచ్చట అంచు జాఱినదో, ఎచ్చట నీడ లేదో ఆ బిడ్డనే అడిగి కాగితముమీద వ్రాసికొనుడు. ఆ కాగితమును పంచాయతీ కూటమున చదివింపుడు. సెలవు.